పదడుగుల మిషన్, పన్నెండడుగుల మిషన్

తొంభైల చివర్లో మా మదనపల్లెలో ఎవరైనా ఒక మాట గట్టిగా చెబితే జనం నమ్మేవాళ్ళు. బోర్డు మీద రంగుతో రాస్తే ఇంకా నమ్మేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా నమ్మేది మాత్రం ఆ బోర్డు రాసినవాడే. ఆ రాసినవాణ్ణి నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది దాటింది, ఉద్యోగం మాత్రం రాలేదు. మా చిన్నాయనకు బస్టాండు వెనక సందులో రేడియోలు, టేప్‌రికార్డర్లు, మోటారు స్టార్టర్లు రిపేరు చేసే అంగడి ఉండేది. అందులో చేరాను. (చేరాను అనడం నా గౌరవం కోసం. పొద్దున లేస్తూనే అమ్మ తిట్టి తోలేది, నేను పోయేవాణ్ణి.)

చిన్నాయన ఒకసారి రేడియో స్పేర్ల కోసం బెంగళూరు పాత సామాన్ల సంతకు పోయి, స్పేర్లు తేకుండా ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. అది ఏ దేశానిదో, ఏ కాలానిదో చెప్పే చీటీ ఎప్పుడో ఊడిపోయింది. అన్నం తినే పళ్ళెమంత తీగ చుట్ట, దానికొక పొడుగాటి గొట్టం, మెడకు తగిలించుకునే పెట్టె, పెట్టెలో టార్చిలైటుకు వేసే లావుపాటి సెల్లులు, చెవులను రెండు రాళ్ళ మధ్య పెట్టి నొక్కినట్టుండే హెడ్‌ఫోన్లు. ఆన్ చేస్తే లోపల ఎప్పుడూ 'గుయ్య్' మని ఒకటే మోత. దగ్గర్లో లోహముంటే ఆ మోత స్వరం మారుతుంది. మారిందా, లేక మారినట్టు మనకు అనిపించిందా అన్నది మాత్రం వినేవాడి మనసును బట్టి ఉంటుంది. పూడిపోయిన పైపులైన్లు, మట్టి కింద కనపడకుండా పోయిన వాల్వులు వెతకడానికి దాన్ని అద్దెకిచ్చేవాళ్ళం. నిధులని గుసగుసలాడుతూ వచ్చేవాళ్ళను చిన్నాయన గుమ్మంలోనే తరిమేవాడు. "జైల్లో కూసోని రేడియో వినాలని ఉండాదా నీకు? పోప్పా, పో!"

ఇంతకీ ఆ మిషను ఎంత లోతు చూస్తుంది? అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. అంగట్లో ఉన్న ఇనుప బీరువాకు మూడడుగుల దూరంలో పెడితే దాని మోత మారేది. దాన్ని బట్టి చిన్నాయన ఒక సిద్ధాంతం చేశాడు. "గాల్లోనే మూడడుగులు వస్తే, మట్టిలో తేమ ఉంటాది గదా, కరెంటు సల్లగా దిగిపోతాది. మూడింతలు ఏసుకో." మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిదంటే బోర్డు మీద అంత బాగుండదు. కాబట్టి 'భూమిలో పది అడుగుల లోతున ఉన్న లోహము కనిపెట్టబడును' అని ఎర్ర రంగుతో రాశాను. నేను డిప్లొమాలో చదివినదానికి ఈ లెక్క పూర్తిగా విరుద్ధమని నాకు ఒక్కసారి కూడా తోచలేదంటే, ఇప్పుడు తలచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. రాసిన వారం తర్వాత ఎవరైనా అడిగితే "పదడుగులు ఖాయమన్నా, పదకొండు కూడా రావచ్చు" అని చెప్పేంతగా నమ్మేశాను.

ఆ ఏడాది వానల్లేవు. ఒకరోజు టమోటా లారీ డ్రైవరొకడు అంగడి ముందర ఆగి, పుంగనూరు దగ్గరి పల్లెలో ఒక ముసలామె మిషను తెమ్మన్నదని కబురు చెప్పాడు. ఆ ఊళ్ళో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారట. చాలా ఏళ్ళ కిందట ఆమె భర్త చేలో బోరు వేయించాడు. తర్వాత బావిలో నీళ్ళు బాగా ఉన్న కాలంలో మోటారు పైకి తీసేసి, నాగలికి తగలకుండా కేసింగు పైపును నేలకు సమానంగా కోసి, పైన ఇనుప రేకు మూసి మట్టి కప్పేశాడు. ఆ పైన చేను చదును చేయించారు. గుర్తుగా ఉన్న కానుగ చెట్టును కొట్టేశారు. ఆయన పోయాడు. ఇప్పుడు బావి ఎండిపోయింది. బోరులో నీళ్ళున్నాయి, కానీ బోరు ఎక్కడుందో భూమ్మీద ఎవరికీ తెలియదు. కొత్త బోరు వేయించే తాహతు ఆమెకు లేదు. నీళ్ళు దొరక్కపోతే ఉన్న ఒక్క గేదెనూ అమ్మేసి కూతురి ఊరికి పోవాలి. డ్రైవరు ఇదంతా చెబుతుంటే నేను సగమే విన్నాను. ఇనుప రేకు అన్న మాట చెవిన పడగానే పని అయిపోయినట్టే అనుకున్నాను. చిన్నాయనకు అప్పుడు నడుం పట్టేసి ఉంది. "నువ్వే పోరా. నేల మింద పళ్ళెం తిప్పేదే గదా, ఎద్దు గూడా సేస్తాది" అని నన్ను ప్రోత్సహించి పంపాడు.

మిషనును గోనెసంచిలో చుట్టుకుని పుంగనూరులో బస్సు దిగాను. అదే సమయానికి పలమనేరు వైపు నుంచి వచ్చిన బస్సులో నలభై ఏళ్ళ మనిషి ఒకాయన దిగాడు. సన్నటి మీసం, నుదుట విభూది, భుజాన పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువు. ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. ఆయనది కుప్పమట. నా మూట వైపు చూసి "ఏం సామాను తమ్ముడూ?" అన్నాడు. అద్దెకు మిషను తెస్తున్నానంటే ఊరంతా వెంట పడుతుందని చిన్నాయన చెప్పి పంపాడు కాబట్టి, "ఫ్యానన్నా. రిపేరు. మీదేంది?" అన్నాను. "తంబురా. భజన ఉండాది" అన్నాడాయన. ఇద్దరం ఒకే పల్లె దగ్గర ఆటో దిగాం, ఒకే దారి పట్టాం, ఒకే చేని గట్టు ఎక్కాం. కొట్టం ముందర నిలబడ్డ ముసలామె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మదనపల్లె మిషనూ, కుప్పం మిషనూ రెండూ వచ్చినాయా? మంచిది. కాళ్ళు కడుక్కోండి నాయనా" అంది. నేను తంబురా వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు. కాళ్ళు కడుక్కోవడానికి ఇద్దరం చెంబు కోసం ఒకేసారి చెయ్యి చాచాం.

కుప్పం అన్న మిషను నాదానికంటే కొత్తదిగా కనిపించింది, అంటే పదేళ్ళు తక్కువ పాతది. అది 'గుయ్య్' అనదు, మౌనంగా ఉండి లోహం తగిలినప్పుడు మాత్రం కుయ్ కుయ్ మంటుంది. "నాది పన్నెండడుగులు సూస్తాదమ్మా" అన్నాడాయన. "మాది పద్నాలుగు" అన్నాను నేను. (బోర్డు మీద పది అని రాసినవాణ్ణి నేనే. ఆ నాలుగడుగులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పటికీ తెలియదు.) పెద్దమ్మ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "అట్నా? అయితే ముందు నాకొకటి సూపించండి. నిన్న ఈ దిబ్బ పక్కన నాలుగు గుంతలు తవ్వినాను. యాడ ఏం పూడ్సినానో, ఎంత లోతులో పూడ్సినానో నాకే తెలుసు. ఒకరు సూసేటప్పుడు ఇంగొకరు కొట్టం ఎనక్కి పోవల్ల. ఒకరిది ఒకరు ఇనగూడదు" అంది. డిప్లొమా పరీక్షల్లో కూడా ఇంత కట్టుదిట్టం చూడలేదు నేను. నేల మీద నాలుగు చోట్ల నాలుగు వేప రెమ్మలు గుచ్చి ఉన్నాయి. పైన మట్టి చదును చేసి, ఆనవాలు తెలియకుండా నీళ్ళు చల్లి, ఆకులు కూడా పరిచింది మహాతల్లి.

మొదట నేనే దిగాను. మొదటి రెమ్మ దగ్గర మోత చక్కగా మారింది. "ఇనుము. చిన్నది" అన్నాను. రెండో దాని దగ్గర ఏమీ లేదు. "ఇక్కడ ఉత్త గుంత పెద్దమ్మా, నన్ను పరీక్ష చేస్తాండావు గదా" అని తెలివిగా నవ్వాను. మూడో దాని దగ్గరా అంతే. "ఇదీ ఉత్తదే." నాలుగో దాని దగ్గరకు పోయేసరికి హెడ్‌ఫోన్లలో మోత తారస్థాయికి లేచింది. ఇక నా ఉత్సాహం పట్టలేకపోయాను. "ఇదుగో! పెద్ద ఇనుప సామానమ్మా! నాలుగడుగుల కింద ఉండాది, నిఖార్సైన ఇనుము!" అని కేకేశాను. పెద్దమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. "సరే. కొట్టం ఎనక్కి పో" అంది. తర్వాత కుప్పం అన్న తన కుయ్ కుయ్‌ను తిప్పాడు. ఆయన మొదటి దాన్ని పట్టాడు. రెండో దాని దగ్గర పళ్ళేన్ని నేలకు రాసి రాసి, "పిచిక పిల్ల మాదిరి సన్నగా అరస్తాండాది. ఏమో ఉండాది" అన్నాడట. మూడోది ఉత్తదన్నాడు. నాలుగో దాని దగ్గర మాత్రం, "ఇత్తడి బిందెమ్మా, సందేహం లేదు" అని చేతులెత్తి దండం పెట్టినంత పని చేశాడట.

పెద్దమ్మ చీర కొంగు దోపుకుని పార పట్టింది. మొదటి గుంతలో జానెడు లోతున కొడవలి. ఇద్దరం తలూపాం. రెండో గుంతలో మూరెడు లోతున ఇత్తడి చెంబు. ఉత్త గుంత అని నేను నవ్విన చోటే. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. కుప్పం అన్న మీసం మీద చెయ్యి వేశాడు. మూడో గుంత మా ఇద్దరి లెక్కలోనూ ఉత్తదే. ఆమె తవ్వింది, తవ్వింది, నడుము లోతుకు పోయాక మోకాళ్ళ మీద వంగి, నలుగురికి సంగటి కెలికేంత పెద్ద ఇనుప బాండలి బయటికి లాగింది. కుప్పం అన్న చెయ్యి మీసం మీద నుంచి దిగిపోయింది. పన్నెండడుగులూ పద్నాలుగడుగులూ కలిసి ఇరవై ఆరడుగుల లోతు చూడగల మా రెండు మిషన్లకూ, నడుము లోతున ఉన్న అంత బాండలి వినిపించలేదు! నా చెవుల్లో మిషను లేకుండానే గుయ్య్ మని మోత మొదలైంది. బిత్తరపోయి నిలబడి ఉండగానే ఆమె నాలుగో గుంత తవ్వింది. నా నిఖార్సైన ఇనుము, కుప్పం అన్న ఇత్తడి బిందె ఉన్న గుంత అది. అందులోంచి కాలిన ఇటుక ముక్కలు, పగలగొట్టిన పాత పొయ్యి మట్టి వచ్చాయి. అంతే. ఇంకేమీ లేదు.

"ఇటుకకు యాల అరిసినాదప్పా మీ మిషను?" అని అడిగింది పెద్దమ్మ. ఎగతాళి లేదు ఆ గొంతులో, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఇంకా ఎక్కువ సిగ్గేసింది. మన ఎర్రమట్టిలో ఇనుప ధాతువు ఉంటుందని, దాన్ని కాలిస్తే పాత మిషన్లు లోహమని మోసపోతాయని నేను రెండేళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆ రోజు మాత్రం నా డిప్లొమా సర్టిఫికెట్టులో ఉన్న మార్కులన్నీ ఒక్కొక్కటిగా రాలిపోతున్నట్టు అనిపించింది. "తెలీదు పెద్దమ్మా" అన్నాను. కుప్పం అన్న నేల చూస్తూ, "నాకూ తెలీదమ్మా. ఎనిమిదేండ్లుగా తిప్పతాండాను, ఎవరూ గుంత తవ్వి సూపించలేదు" అన్నాడు.

తిట్టి పంపేస్తుందనుకున్నాను. ఆమె మా ఇద్దరికీ రాగి సంగటి, పచ్చిమిరపకాయ చెట్నీ పెట్టి, ఎదురుగా కూర్చుని లెక్క తేల్చింది. "మీ మిషన్లు మూరెడు దాటి సూడవు. ఇంకొంచెం పెద్ద సామానైతే మూరన్నర. మా ఆయన రేకు పళ్ళెమంత ఉండాది, దాని కింద పైపుండాది. సదును సేసినప్పుడు మూరెడు మన్ను పడిండొచ్చు. అందుతాదో అందదో. ఇద్దరూ కలిసి సేనంతా అడుగు అడుగూ తిరగల్ల. నాకు ఇంగో దారి లేదు నాయనా." డ్రైవరు చెబుతుంటే నేను వినని సగం అప్పుడు నాకు వినపడింది. కొట్టంలో గేదె తల తిప్పి మమ్మల్ని చూసింది.

చేనును తాళ్ళతో పట్టీలుగా విడదీసి, ఆయన తూర్పు నుంచి, నేను పడమర నుంచి మొదలుపెట్టాం. గంటసేపు ఒక్క మేకు తప్ప ఏమీ దొరకలేదు. చేను నడిమధ్యకు వచ్చేసరికి నా మోత ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు ఊగింది. "దొరికింది!" అని అరిచాను. అదే క్షణంలో నాలుగు గజాల అవతల కుప్పం అన్న కూడా "దొరికింది!" అని అరిచాడు. ఇద్దరం పారలు తెచ్చి తలా ఒక గుంత మోకాలి లోతు తవ్వాం. ఏమీ లేదు. మళ్ళీ మిషన్లు తీసుకుని వచ్చాం, మళ్ళీ రెండూ అరిచాయి, ఈసారి ఇంకో చోట. మళ్ళీ తవ్వాం. మళ్ళీ ఏమీ లేదు. మూడో జత గుంతలు తవ్వి, చెమటలు కారుతూ కూలబడ్డాక, గట్టు మీద నుంచి పెద్దమ్మ అంది: "మీరిద్దరూ దగ్గరకొస్తేనే అవి అరస్తాండాయి. దూరం పోతే గమ్ముగా ఉండాయి." పరీక్షించి చూశాం. ఆయన పది గజాలు వెనక్కి పోతే నా మిషను శాంతించింది. దగ్గరికొస్తే కేక. అప్పటిదాకా మా మిషన్లు ఒకదాని అరుపు ఇంకొకటి విని అరుస్తున్నాయి. మేము ఆరు గుంతలు తవ్వింది ఒకరి కోసం ఒకరం! కుప్పం అన్న నోరు తెరిచి నన్ను చూసి, "ఎనిమిదేండ్లలో నా మిషను కనిపెట్టిన పెద్ద వస్తువు నువ్వే తమ్ముడూ" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం గుంతల మధ్య కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వాం. పెద్దమ్మ నవ్వలేదు. ఎండిన చేను వైపు చూస్తూ ఉంది. ఆమెను చూశాక మా నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత వంతులేసుకున్నాం. ఒకరు తిప్పితే ఇంకొకరు మిషను ఆపేసి తాడు జరపాలి. మధ్యాహ్నం మూడు గంటలకు చేనంతా అయిపోయింది. మా ఖాతాలో మూడు మేకులు, ఒక సైకిలు చైను ముక్క. ఇక మిగిలింది, చదును చేశాక చేని మూలన వేసిన కొట్టం ఒక్కటే. అక్కడ గేదెను కట్టిన ఇనుప గుంజ, గొలుసు ఉన్నాయి కాబట్టి మిషను ఎటూ అరుస్తుందని దాన్ని ముందే వదిలేశాం. నేను హెడ్‌ఫోన్లు తీసేసి, ఏ మాటతో మొదలుపెట్టి ఆమెకు లేదని చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. పెద్దమ్మ గేదెకు నీళ్ళు పెట్టే వేళయిందని గుంజను పీకి, గేదెను గొలుసుతో సహా బయటికి తోలుకొచ్చింది. కుప్పం అన్న ఊరికే, చేతిలో ఉంది కదా అని, కొట్టంలోకి మిషను చాపాడు. కుయ్ కుయ్ కుయ్ కుయ్ మంటూ అది ఆగకుండా అరిచింది. "గొలుసులెమ్మా. గొలుసుకు అరస్తాండాది" అన్నాడు విసుగ్గా.

"గొలుసు నా సేతిలో ఉండాదప్పా" అంది పెద్దమ్మ.

ఆమె చేతిలో గొలుసు, గొలుసుకు గుంజ, గొలుసు చివర గేదె. అన్నీ చేలో ఉన్నాయి. కొట్టంలో పేడ తప్ప ఏమీ లేదు. నేను నా మిషను పట్టుకుని పరుగెత్తాను. ఆయన తనది ఆపేసి ఎడంగా జరిగాడు. నా గుయ్య్ మోత సన్నటి కూతగా మారి, ఎటు తిప్పినా ఒక్క చోటికే వచ్చి నిలబడింది. ఈసారి నేను కేక వేయలేదు. "ఇటుకలేమైనా పూడ్సినావా పెద్దమ్మా ఈడ?" అని మెల్లగా అడిగాను. "కొట్టంలో ఇటుకలు యాల పూడుస్తాను?" అంటూ ఆమె పార అందుకుంది. మూరెడు తవ్వేసరికి పార ఠంగుమంది. తుప్పు పట్టి ఎర్రబడిన ఇనుప రేకు. దాన్ని ముగ్గురం కలిసి పక్కకు లాగితే కింద గుండ్రటి చీకటి. పెద్దమ్మ ఒక గులకరాయి తీసి అందులో వేసింది. నేను నేల మీద బోర్లా పడుకుని పైపుకు చెవి ఆనించాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఆశ వదులుకోబోతున్న క్షణంలో, ఎంతో కింద నుంచి 'దుబుక్' మంది. తల ఎత్తి చూస్తే పెద్దమ్మ ఆకాశం వైపు చూసి భర్తను తిడుతోంది. "ఈడ పెట్టి పోయినావా అయ్యా? పన్నెండేండ్లుగా రోజూ ఈడే కూసోని పాలు పిండతాండానే! నా కాళ్ళ కిందే పెట్టి, ఒక్క మాటన్నా సెప్పకుండా పోయినావే!" అలా తిడుతూనే కూర్చుండిపోయింది, తిడుతూనే ఏడ్చింది. కుప్పం అన్న, నేను గేదెను పట్టుకుని కాస్త దూరంగా పోయి నిలబడ్డాం. గేదెకు మా ఇద్దరిలో ఎవరూ నచ్చలేదు.

మోటారు దించాక నీళ్ళు బాగానే వచ్చాయని, గేదెను అమ్మలేదని ఆ లారీ డ్రైవరే తర్వాత చెప్పాడు. నేను మాత్రం మరునాడు అంగడికి పోయి చిన్నాయనకు జరిగిందంతా చెప్పి, స్టూలు ఎక్కి బోర్డు మీద 'పది అడుగుల' అన్న చోట 'ఒకటిన్నర అడుగు' అని దిద్దాను. చిన్నాయన పట్టేసిన నడుంతోనే లేచి నిలబడ్డాడు. "ఒరే, అంగడి మూసేద్దామని ఉండాదా నీకు? ఒకటిన్నర అడుగు సూసేదానికి మిషను యాల, పార సాలదా?" నాలుగు రోజులకు ఒక గిరాకీ వచ్చాడు. బైరెడ్డిపల్లె దగ్గర పూడిపోయిన పైపులైను కోసం. ఎంత లోతు చూస్తుందని అడిగాడు. "పైపైతే అడుగున్నరన్నా. అంతకు మించి నమ్మకం లేదు. ఇటుకలుంటే అబద్ధం కూడా చెబుతాది" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, నేరుగా కుప్పం పోయాడు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మండిపడుతూ తిరిగొచ్చాడు. "ఆడ కుప్పమాయప్ప గూడా అడుగున్నరే అంటాండాడు! ఇద్దరూ ఒకటై ఏదో ప్లాను ఏసినారు మీరు. నిజం సెప్పండప్పా, నిజంగా ఎంత సూస్తాది?" అని బల్ల గుద్దాడు. నిజం అదేనని ఎంత చెప్పినా నమ్మలేదు. తలుపు దగ్గర ఆగి, "పోనీ ఆరడుగులన్నా సెప్పు, తీసకపోతాను" అన్నాడు. నేను చెప్పలేదు. ఆయన పోయాడు. చిన్నాయన నెత్తి కొట్టుకుని టీకి పోయాడు.

ఇప్పుడు తెరమీద బొమ్మ చూపించే మిషన్లు వచ్చాయంటారు. నాకు వాటితో పని లేదు. నేను వేరే ఉద్యోగంలో పడి, జుట్టు నెరిసి, కళ్ళజోడు పెట్టుకుని, అవసరమైన చోట అవసరమైనంత పెంచి చెప్పడం మళ్ళీ నేర్చుకున్నాను. ఆఫీసులో రిపోర్టులు అలాగే రాయాలి మరి. అయినా అప్పుడప్పుడూ ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. వచ్చిన ఒక్క గిరాకీనీ పోగొట్టుకుని, చిన్నాయన చేత తిట్లు తిని, ఖాళీ అంగట్లో స్టూలు మీద కాళ్ళూపుకుంటూ, కారణమేమిటో తనకే తెలియకుండా తెగ సంతోషంగా కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక, వాడి మీద కాస్త అసూయగానూ ఉంటుంది.